చెంచాడు గంజి

శివపార్వతి గంజిని పలచటి గుడ్డలో రెండోసారి వడపోసింది. చిన్న పలుకు కూడా మిగలకూడదు. భర్త వదిలేశాక కూచిపూడి దగ్గరి పల్లె నుంచి వచ్చి, పటమటలోని ఈ పిల్లల ఆసుపత్రిలో ఆయాగా చేరింది. పరాయి పిల్లల గుడ్డలు ఉతుకుతూనే జుట్టు నెరిసింది. వేళ్లకు పట్టిన ఫినాయిలు వాసన పండగనాడు కూడా వదలదు.

ఐదేళ్ల ఆస్రాకు పేగు మెలిపడి కుళ్లిపోతే దాదాపు అంతా కోసి తీసేశారు. మిగిలింది జానెడు. ఏం తిన్నా నీళ్లలా జారిపోతుంది. అందుకే మెడ కింద నరంలోకి గొట్టం దింపి, ఆహారాన్ని నేరుగా నెత్తురులోకి ఎక్కిస్తున్నారు. మిగిలిన పేగు పని నేర్చుకోవాలని ముక్కు గొట్టంలో కాస్త గంజి. మింగడం మరిచిపోకూడదని నోటికి ఒక్క చెంచాడు.

ఇవాళ ఆ చెంచాడు మింగి, ఆస్రా ఆమె చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"ఆవకాయ తిన్నావు కదా, ఆయమ్మా?"

పిల్ల కంటపడకుండా మెట్ల కింద కూర్చుని తిని, సబ్బుతో తోముకున్న చెయ్యి అది. శివపార్వతి ఆ చెయ్యి కొంగులో దాచుకుంది.

"నమిలేది ఏదన్నా పెట్టవా?"

"పేగు పెరగనీ తల్లీ. నేనే ముద్దలు కలిపి పెడతా."

మధ్యాహ్నానికి పిల్ల వణకడం మొదలుపెట్టింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. గొట్టం నుంచి విషం నెత్తురుకెక్కిందని డాక్టరు దాన్ని లాగేశారు. కొత్తది వెయ్యడానికి చేతుల్లో, కాళ్లలో, మెడలో ఎక్కడా నరం దొరకలేదు. ఇక ఆహారం గాని, మందు గాని ఎక్కించే దారి లేదు.

"నా పేగు కోసి పెట్టండి సార్!" తల్లి కుల్సుం ఆయన కాళ్లమీద పడింది.

"ఆ ఆపరేషన్ ఇక్కడెవరూ చెయ్యలేరమ్మా."

కుల్సుం శివపార్వతి వైపు తిరిగింది. "ఆకలితోనే పంపించనా అక్కా?"

శివపార్వతి డాక్టరు వైపు చూసింది. ఆయన మెల్లగా తలూపారు. క్యాంటీనుకు పరుగెత్తి, వేడి అన్నంలో పాలు పోసి, మెత్తగా పిసికి తెచ్చింది. ఆస్రా పెదవులు విప్పింది గాని దవడ కదపలేకపోయింది. మెతుకులు నాలుక మీదే ఉండిపోయాయి. సాయంత్రం నమాజు పిలుపు వినిపించేసరికి ఊపిరి ఆగింది.

తండ్రి కరిముల్లా బిడ్డను దుప్పట్లో చుట్టుకుని, తమ ఊరు ఇబ్రహీంపట్నం వెళ్లే ఆటో ఎక్కాడు.

ఆ మంచానికి మరో పిల్లాడు వస్తున్నాడన్నారు. శివపార్వతి పరుపు ఎత్తింది. కింద, కాగితం ముక్కలో చుట్టి, ఒక బిస్కెట్ ఉంది. నాకి నాకి అంచులు అరిగిపోయాయి. ఎక్కడా పంటి గాటు లేదు.