బాపు దిక్కు, అవ్వ దిక్కు

చుట్టాల వరుసలు చెప్పడానికి దీక్షిత రాసిన ప్రోగ్రాం మొదటిసారి నడిచిన సాయంత్రం దానికి తిక్క పట్టుకుంది. 'జానకీబాయి నాకు ఏమవుతుంది?' అని అడిగితే, ఒకే ఇంట్లో ఉండే నాయనమ్మను వెతకడానికి అది ఆమె పుట్టింటికి వెళ్లింది. అక్కడి నుంచి అత్తింటికి వచ్చింది. మళ్లీ పుట్టింటికి వెళ్లింది. ల్యాప్‌టాప్ గుయ్యిమంటోంది కానీ జవాబు మాత్రం రావడం లేదు.

"మేడం, గిది ఆగుతలేదు! తిరుగుడే తిరుగుడు!" అని అరిచింది దీక్షిత.

పాఠాలు చెప్పే నిషాత్ వంగి తెర చూసి పకపకా నవ్వింది. "పెండ్లి పిలుపులకు పోయినప్పుడు పిలిచిన ఇంటికే మల్ల పోతమా? పోం గదా. ఆ సంగతి నీకు తెలుసు, దానికి తెల్వది. పోయిన మనిషి దగ్గరికి మల్ల పోవద్దని రాయి."

దీక్షిత రెండు లైన్లు రాసి మళ్లీ నడిపింది. తెర మీద 'బాపమ్మ' అని ఒక్క మాట పడింది. అంతే, కుర్చీలోంచి లేచి గంతేసింది. డిగ్రీ పాసైన రోజు కూడా ఆ పిల్ల అంత సంబరపడలేదు.

గోడవారన కూర్చుని వక్క నములుతున్న అసలు బాపమ్మ జానకీబాయి, "నేను నీకేమైతనో తెలుసుకోనీకె ఇంత కష్టమా బిడ్డా?" అంది.

మంథనిలో ఇబ్రాహీం బట్టల దుకాణం మీది గది అది. ఆయన కూతురు నిషాత్ పొద్దంతా ఇంట్లోంచే ఏదో కంపెనీకి పని చేస్తుంది, సాయంత్రాలు ఊళ్లోవాళ్లకు ప్రోగ్రామింగ్ ఓనమాలు దిద్దిస్తుంది. పుస్తకంలో లెక్కలు చేయించడం ఆమె పద్ధతి కాదు. 'మీ ఇంట్ల పరేషాన్ ఏదన్న ఒకటి తెచ్చుకోండి, దాన్నే చేద్దాం' అంటుంది. ఒకరు పెద్దపల్లి బస్సుల వేళలు తెచ్చుకున్నారు, ఒకరు అన్నదమ్ముల మధ్య బావి మోటారు వంతులు తెచ్చుకున్నారు. ఇబ్రాహీంకు మాత్రం ఈ చదువు మీద నమ్మకం లేదు. చాయ్ పట్టుకుని మెట్లెక్కి వచ్చినప్పుడల్లా ఒకటే పాట.

"ఏఐ వచ్చింది గదా బేటీ. అడిగితే అదే రాసిస్తదట. ఇంక గీళ్లందరు నేర్చుకొని ఏం ఫాయిదా?"

"హోటల్ల బిర్యానీ దొరుకుతదని ఇంట్ల పొయ్యి ఆర్పేస్తమా అబ్బా?" అనేది నిషాత్.

దీక్షిత ఆ ఏఐని కూడా అడిగి చూసింది. తన చుట్టాల పేర్లన్నీ చెప్పి ఎవరు ఏమవుతారో తేల్చమంటే, అది అందరినీ 'కజిన్' అని తేల్చిపారేసింది. రాఖీ కట్టించుకోవాల్సినవాడూ కజినే, తాళి కట్టాల్సినవాడూ కజినే! ఆ తేడా తెలియని తెలివి తనకెందుకని తనే రాయడానికి కూర్చుంది.

పెళ్లిళ్లలో ఎవరిని ఏమని పిలవాలో తెలియక పరువు పోతోందని, అందుకే వరుసలు చెప్పే ప్రోగ్రాం రాస్తున్నానని ఆమె అందరికీ చెప్పింది. అందరూ నమ్మారు. అసలు కారణం ఆ గదిలోనే చివరి బల్ల దగ్గర కూర్చునేవాడు. పేరు తారక్. తండ్రితో కలిసి ఎరువుల దుకాణం చూసుకుంటాడు. అతను ఒక్కసారి నవ్వాడంటే దీక్షిత లైను చివర కోలన్ పెట్టడం మరిచిపోయేది.

ఇద్దరూ ఇష్టపడ్డారు. తారక్ ఇంట్లో ఒప్పుకున్నారు. దీక్షితను కన్న అవ్వాబాపులూ ఒప్పుకున్నారు. కానీ ఆ ఇంట్లో చివరి మాట తాత కొండల్‌రావుది. చుట్టాల్లో ఎక్కడ వరుస అనుమానం వచ్చినా కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఆయనకే ఫోన్ కొడతారు. ఆయన మీసం దువ్వుకుని, కళ్లు మూసుకుని, తరాలు దాటి వెనక్కి వెళ్లి జవాబు పట్టుకొస్తాడు. మనుమరాలి సంబంధానికి కూడా అలాగే వెళ్లి వచ్చి 'కుదరది' అన్నాడు. దీక్షిత బాపు, తారక్ బాపు అన్నదమ్ముల వరుస. కాబట్టి తారక్ ఆమెకు అన్న. అన్నను ఎవరైనా చేసుకుంటారా?

అయితే ఇంకో దారి కూడా ఉంది. తారక్ బాపు దీక్షిత అవ్వకు సైతం తమ్ముడి వరుసే. అటు నుంచి వస్తే ఆయన మేనమామ, తారక్ బావ. ఒకే మనిషి మొగుడికీ తమ్ముడే, పెళ్లానికీ తమ్ముడే. చుట్టాల్లో చుట్టాలే పెళ్లిళ్లు చేసుకుంటూ పోతే ఇలాంటి చిక్కుముళ్లు పడకుండా ఎలా ఉంటాయి? తాత మాత్రం ఆ రెండో దారి వైపు తల తిప్పనైనా తిప్పలేదు. రెండు దారులూ తెర మీద పక్కపక్కన పెట్టి చూపిస్తే ఆయన కాదనలేడని దీక్షిత ఆశ. ఆ ఆశతోనే తిండీ నిద్రా మరిచి రాసింది.

తారక్ ఉన్న క్లాసుకు మనుమరాలిని ఒంటరిగా పంపడం ఇష్టంలేక తాత జానకీబాయిని కాపలా పెట్టాడు. దొంగ చేతికే తాళాలు ఇచ్చినట్టయింది. ఎవరికి ఎవరు అక్క, ఎవరు ఎవరి కొడుకు అని చుట్టరికాలన్నీ ఆమే చెప్పింది, దీక్షిత వాటిని టైపు చేసుకుంటూ పోయింది. కొన్నాళ్లకు ఊరికే కూర్చోలేక ఆమె కూడా కీబోర్డు మీద అక్షరాలు వెతకడం మొదలుపెట్టింది. 'ఇట్లయితే ఇది చెయ్యి, లేకపోతే అది చెయ్యి' అనే పాఠం ఆమెకు తెగ నచ్చింది. "మా అత్త గూడ గిట్లనే మాట్లాడేది" అంది.

ఒక ఆదివారం ప్రోగ్రాం చూడ్డానికి కొండల్‌రావు స్వయంగా వచ్చాడు. చూడ్డానికి అనడం మర్యాద, తప్పు పట్టడానికే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, భుజం మీద తువ్వాల, కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చున్నాడు.

"ఫోన్లు వచ్చినంక మనిషి మొఖం మనిషి చూస్తలేడు. పక్కింటోడు సస్తే వాట్సాప్‌ల దండం బొమ్మ పెడుతున్నరు. ఇగ వరుసలు సుత మిషినే చెప్తదా? అడుగుతా, చెప్పమను."

హుస్నాబాద్‌లో ఉన్న మేనత్త తోటికోడలి అల్లుడు తనకు ఏమవుతాడని అడిగాడు. రెప్పపాటులో చెప్పింది. నస్పూర్‌లో ఉన్న చిన్నమ్మ ఆడబిడ్డ సంగతి అడిగాడు. అదీ చెప్పింది. తువ్వాల జారి కింద పడినా ఆయన చూసుకోలేదు. "శభాష్!" అని తొడ చరిచాడు. "ఇంకోటి అడుగుతా ఆగు. ఇంకోటి!" పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్దమనిషి జాతరలో పిల్లాడైపోయాడు.

ఇదే అదను అనుకుంది దీక్షిత. తన పేరు కొట్టి, పక్కన తారక్ పేరు కొట్టింది. తెర మీద రెండు జవాబులు పడ్డాయి. బాపు దిక్కు నుంచి అన్న. అవ్వ దిక్కు నుంచి బావ.

"చూసినవా తాతా! రెండు తొవ్వలున్నయ్! రెండోది సుత నిజమే గదా!"

కొండల్‌రావు ముఖంలో సంబరం ఆరిపోయింది. "రెండు నాల్కల మిషిన్ మనకెందుకు? అడిగితే ఒక్క మాట చెప్పాలె. రెండు దిక్కుల నుంచి వరుస వస్తే బాపు దిక్కుదే లెక్క. మా తాతల నాటి సంది గిదే నియమం. దానికి నేర్పలేదా? రాయి."

దీక్షిత దిక్కుతోచక నిషాత్ వైపు చూసింది. నిషాత్‌కూ బాధగానే ఉంది, కానీ పాఠం పాఠమే.

"పెద్దాయన నియమం చెప్పిండు, దీక్షితా. మనకు నచ్చినయే రాసుకుంటే అది ప్రోగ్రాం ఎట్లయితది? రాయి."

తన పెళ్లిని చెడగొట్టే లైను తన చేత్తోనే రాయాల్సి వచ్చింది ఆ పిల్లకు. బాపు దిక్కు వరుస ఉంటే అదే చెప్పు, లేకపోతేనే అవ్వ దిక్కు, అదీ లేకపోతేనే పెళ్లి వరుస చూడు. ఎంతో లేదు, చిన్న ముక్క. కోలన్ కూడా మరిచిపోలేదు. నడిపింది. ఈసారి ఒక్క మాటే పడింది. అన్న.

ఆ ల్యాప్‌టాప్‌ను తీసుకెళ్లి గోదావరిలో పారేయాలన్నంత కోపం వచ్చింది దీక్షితకు. కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరి బల్ల దగ్గర తారక్ తల దించుకున్నాడు.

"ఆఁ, గిప్పుడు మంచిగున్నది" అన్నాడు కొండల్‌రావు. "తెలివిగల్ల మిషినే. నేర్పితే నేర్చుకుంటది."

అప్పుడు జానకీబాయి వక్క ముక్క బుగ్గలోకి తోసుకుని లేచింది.

"బిడ్డా నిషాత్, గా నియమం గీ పోరి ఒక్కదానికేనా, అందరికా?"

"అందరికి, బాపమ్మా. దానికి మనోళ్లు, పరాయోళ్లు అని ఉండది."

"అయితే జర జరుగు" అని మనుమరాలిని లేపి తాను కూర్చుంది. తన పేరు కొట్టింది. రెండో పేరు దగ్గర ఆగి కొంగు సర్దుకుంది. పెళ్లయిన నాటి నుంచి మొగుడి పేరు నోటితో పలికిన మనిషి కాదు. ఇప్పుడూ పలకలేదు. ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ 'కొండల్‌రావు' అని కొట్టింది. గదిలో ఉన్నవాళ్లంతా లేచి ఆమె వెనక మూగారు. ఎంటర్ నొక్కింది.

అన్న.

తారక్ ఫక్కున నవ్వి వెంటనే నోరు మూసుకున్నాడు. చాయ్ కప్పులతో వచ్చిన ఇబ్రాహీం "యా అల్లా" అని గుమ్మంలోనే ఆగిపోయాడు.

"తప్పు!" కొండల్‌రావు కుర్చీలోంచి లేచాడు. "మిషిన్ కరాబైంది!"

"మిషిన్ మంచిగనే ఉన్నది" అంది జానకీబాయి. "మీ బాపు, మా బాపు అక్కచెల్లెండ్ల కొడుకులు కారా? అన్నదమ్ములు కారా? గా వరుసనే చెప్పి మీ బాపు నన్ను వద్దనలేదా? అప్పుడు అన్నం ముట్టకుంట అలిగి పండుకున్నదెవరు? మా అవ్వ, మీ అవ్వ వదినె మరదండ్లయితరని మీ మేనమామతోని తొవ్వ తీయించిందెవరు? అప్పుడు అవ్వ దిక్కు మంచిగ కనపడ్డది మీకు. మనుమరాలి కాడికి వచ్చేసరికి కండ్లు పోయినయా?"

కొండల్‌రావు తెర వైపు మళ్లీ మళ్లీ చూశాడు. ఊళ్లో మనుషులైతే పెద్దాయన అని మొహమాటపడతారు, చూసీ చూడనట్టు పోతారు. ఇన్నాళ్లూ అలాగే పోయారు కూడా. ఈ పాడు యంత్రానికి ఆ మొహమాటం లేదు. ఇందాక గోదావరిలో పారేయాలనిపించిన ల్యాప్‌టాప్‌నే ఇప్పుడు దీక్షితకు ముద్దుపెట్టుకోవాలనిపించింది.

"తీసెయ్ గది" అన్నాడు చివరికి.

"ఏది తాతా?"

"గదే. మా ఇద్దరి నడుమ పడ్డది."

"ఒక్క జంట కోసం తీసేసుడు ఉండది తాతా" అంది నిషాత్ మెల్లగా. "నియమం మారితేనే అది మారుతది."

ఆయన తువ్వాల వెతుక్కుని ముఖం తుడుచుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పలేదు, పెదవి చివర నవ్వు దాచనూ లేదు. చూస్తూ చూస్తూ ఆయనకూ నవ్వు వచ్చేసింది. మీసాలు అదిరేలా, పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే తారక్ వైపు తిరిగి, "అప్పుడు మా అవ్వ పెరుగన్నం కలిపి తెచ్చినా ముట్టలే నేను" అన్నాడు.

తర్వాత మనుమరాలి వైపు తిరిగాడు. "రాయి బిడ్డా. ఏ దిక్కు నుంచి బావ అయినా బావనే. ఇగ గిదే నియమం."

బాపమ్మ లేవగానే దీక్షిత కూర్చుంది. రెండుసార్లు తప్పు కొట్టి, చెరిపి, మళ్లీ రాసింది. తన పేరు కొట్టబోతుంటే తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ముందుగాల మాది చూడు."

చూసింది. బావ. పెద్దాయన గట్టిగా ఊపిరి వదిలి కుర్చీలో కూలబడ్డాడు. జానకీబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇక మిగిలింది ఒక్కటే. దీక్షిత తన పేరు, తారక్ పేరు కొట్టి, కళ్లు గట్టిగా మూసుకుని ఎంటర్ నొక్కింది. ఏం పడిందో చూసే ధైర్యం లేకపోయింది. చదివింది తాతే.

"బావ!"

కింద దుకాణంలో బట్టలు బేరమాడుతున్న గిరాకీలు తలెత్తి చూసేంత గట్టిగా చదివాడు. తారక్ లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఏందిరా గట్ల నిలబడ్డవ్? మీ బాపుకు ఫోన్ కలుపు."

తారక్ తొందరలో నొక్కిన ఫోన్ ముందు ఇంకెవరికో వెళ్లింది. రెండోసారి తండ్రికి కలిసింది. కొండల్‌రావు ఫోన్ అందుకుని, పలకరింపు కూడా లేకుండా మొదలుపెట్టాడు. "నేనే, కొండల్‌రావును. రేపు పొద్దుగాల మా ఇంటికి రా. ఉత్తగ కాదు, వియ్యంకుని వరుసల రా."

దీక్షిత ఏడుస్తూ నవ్వుతూ బాపమ్మ మెడ కరుచుకుంది.