పదిహేనో తట్ట

సిద్ధయ్య బావి తవ్వడం మొదలుపెట్టిన రోజే నేనూ పలుగు తీశాను. నాది కొత్త బావి కాదు. ఆరేళ్ల కిందట రెండు మట్లు తవ్వి వదిలేసిన గుంత. మనిషి నిలువెత్తు లోతును మా వైపు మట్టు అంటారు.

నా భార్య వెంగమ్మ బతికి ఉన్నన్నాళ్లూ వాగులో చెలమ తోడి, మైలున్నర దూరం నీళ్లు మోసింది. బావి తవ్వమని అడిగింది. తవ్వాను. రాయి తగిలింది. మానేశాను.

"నువ్వు మొదులుపెట్టే మొగోడివే గానీ ముగించే మొగోడివి గాదు" అంది.

ఆ ఏడే జ్వరంతో పోయింది. ఆ మాట వెనక్కి తీసుకోకుండానే పోయింది. అందుకు నేను ఆమెను ఇంకా క్షమించలేదు. ఆ తర్వాత నీళ్లు నేనే మోసుకున్నాను. మగవాడు బిందె ఎత్తితే నవ్వుతారని తెల్లవారకముందే వాగుకు పోయి వచ్చేవాణ్ణి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, వానలు మళ్లీ మొహం చాటేశాయి. వరికుంటపాడు దారిలో నా చేను, సిద్ధయ్య చేను పక్కపక్కనే. మధ్య ఒక గట్టు. ఒక పొద్దున గట్టవతల పలుగు చప్పుడు వినబడింది. ఈసారి ముగించాలి అనుకున్నాను. వాడికంటే ముందు ముగించాలి.

సిద్ధయ్య లోపల తవ్వి తట్ట నింపేవాడు. పైన అతని భార్య మాలకొండమ్మ గిలక మీద మోకు లాగి, మట్టి పోసి, ఖాళీ తట్ట దించేది. దించే ప్రతిసారీ "జాగర్త" అనేది. అది నా గుంతలోకి కూడా వినబడేది. నేను ఆ పాత రాయిని పలుగుతో పగలగొట్టుకుంటూ తట్ట నింపి, గోడకు చెక్కుకున్న మెట్ల మీదుగా పైకెక్కి, నేనే లాగి, నేనే పోసి, మళ్లీ దిగేవాణ్ణి. నా కడుపుమంట అంతా ఆ మోకు మీదే.

రోజూ పొద్దున్నే గట్టెక్కి వాళ్ల మట్టికుప్ప ఎంత పెరిగిందో చూసేవాణ్ణి. వాళ్లు లేనప్పుడు ఒకసారి కట్టె పెట్టి కొలిచాను కూడా. కుప్ప పెరిగితే ఆ రోజు పిచ్చెక్కినట్టు తవ్వేవాణ్ణి. వాళ్లు కలిగిరి సంతకు పోతే నేనూ పలుగు పక్కన పడేసేవాణ్ణి. ఒక రోజు అరవై తట్టలు తీశాను. నడుము పట్టేసి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఆ నాలుగు రోజులూ అవతల గిలక కిర్రుమంటూనే ఉంది.

ఐదో రోజు సిద్ధయ్య గట్టు దగ్గర పలకరించాడు.

"ఏంది బావా, నాలుగు దినాలుగా నీ గిలక చప్పుడు లేదే?"

"అరవై తట్టలు లాగినాను."

"అరవయ్యా! ఎవురు తరిమినారు నిన్ను?"

"నువ్వెన్ని లాగతావు?"

"ముప్పై. ఒళ్లు బాగుంటే ముప్పై, బాగలేకున్నా ముప్పై. ముప్పై ఒకటోది ఇది లాగనియ్యదు."

గిలక దగ్గర నుంచి మాలకొండమ్మ అందుకుంది. "రేపటికి ఈ మనిషి మిగలొద్దా అన్నా?"

ఇద్దరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆపమని చెప్పే పెళ్లాం ఉన్నవాడికి లెక్క సులువు. నా పెళ్లాం ఆపమనలేదు, ఆపేశావంది.

మాఘంలో సిద్ధయ్యకు తొమ్మిదో మట్టులో నీళ్లు పడ్డాయి. మాలకొండమ్మ చెంబుతో గట్టు దాకా తెచ్చింది.

"తాగన్నా. తొలి నీళ్లు."

"దప్పిక లేదు" అన్నాను. నాలుక అంగిటికి అతుక్కుపోయి ఉంది. ఆమె చెంబు గట్టు మీద పెట్టి పోయింది. ఆమె అటు తిరగ్గానే కాలితో నెట్టాను. నీళ్లు ఒలికిపోయాయి. చెంబు మళ్లీ నిలబెట్టి వచ్చాను.

మర్నాడు అలవాటు కొద్దీ గట్టెక్కాను. సిద్ధయ్య కుప్పను బండికెత్తి పల్లపు చేలో పోస్తున్నాడు. ఇక కొలుచుకోడానికి ఏమీ లేదు. నా గుంత ఆరు మట్లు. వాణ్ణి ఓడించడం కుదరదు. మానేస్తే అడిగేవాళ్లూ లేరు. మానేయడం నాకు బాగా వచ్చిన పని. మూడు రోజులు మానేశాను. ఆ మూడు రోజులూ ఏ గిలకా కిర్రుమనలేదు. వెంగమ్మ మాట ఒక్కటే వినబడింది.

నాలుగో రోజు పదిహేను గులకరాళ్లు ఏరి బావి అంచున పెట్టాను. తట్ట లాగినప్పుడల్లా ఒక రాయి ఇటు నుంచి అటు జరపడం. రాళ్లు అయిపోతే పని అయిపోయినట్టు. ఎక్కి దిగేది కూడా నేనే గనుక నా పదిహేను వాడి ముప్పైకి సమానం. ఆ లెక్క మాత్రం వేసుకోకుండా ఉండలేకపోయాను. దిగే ప్రతిసారీ "జాగర్త" అని పైకే అనేవాణ్ణి. వినేవాళ్లు లేరు గనుక అన్నాను. గట్టు మాత్రం ఎక్కలేదు.

వానపడ్డ రోజులు తప్ప ఏడాది ఇదే పని. మళ్లీ మాఘం వచ్చింది. పదకొండో మట్టులో పలుగు దిగిన చోట తడి ఊరింది. ఉదయగిరి కొండ మీద ఎండ వాలేసరికి పాదాలు మునిగాయి. నేను కేక వేయలేదు. ఎట్లా తెలిసిందో, మొగుడూ పెళ్లాం గట్టు దాటి వచ్చారు. మాలకొండమ్మ అడక్కుండానే తోడుకుని తాగింది. మొహం చిట్లించింది.

"ఉప్పగా ఉండాది."

"మీ నీళ్లు తియ్యగుంటాయా?" అన్నాను మండిపడి.

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిద్ధయ్య పగలబడి నవ్వాడు.

"మాదీ ఉప్పే గదా బావా! పైరుకు పారగట్టుకుంటా ఉండాం. తాగేదానికి ఇది ఇప్పటికీ వాగుకే పోతా ఉండాది. ఆ రోజు చెంబు నీళ్లు తాగినావు గదా, తెలియలా?"

"తాగినాడు. చెంబు ఖాళీగా ఉండె" అంది మాలకొండమ్మ.

ఏడాది పైన నేను కుళ్లుకున్నది ఉప్పునీళ్లను చూసి.

"పైరుకు చాల్లే. ఇంక పలుగు లోపల పెట్టు" అన్నాడు సిద్ధయ్య.

"ఇంకో మట్టు దిగితే తీపి తగలొచ్చంటారన్నా" అంది మాలకొండమ్మ. "ఎంత చెప్పినా ఈయన దిగలా."

మర్నాడు పొద్దున గట్టు వైపు చూడలేదని చెప్పను. చూశాను. అటు గిలక కదల్లేదు. ఊరిన నీళ్లు తోడిపోసి దిగాను. బురద తట్ట మట్టి తట్టకు రెట్టింపు బరువు. మధ్యాహ్నం దాటాక పదిహేనో రాయి జరిపాను.

ఇంకా ఓపిక ఉంది. ఇంకో నాలుగు లాగగలను. పలుగు కడిగి ఒడ్డున పెట్టాను. రేపటికి నేను మిగలాలి.