అన్నం ముట్టి చెప్పిన మాట

ముత్యం నోరు ఊరుకోదు. ఆ నోరే అతన్ని గెలిపించింది, ఆ నోరే కొంప ముంచింది.

గల్ఫ్‌లో, దుఖాన్ పోయే దారిలో, ప్రపంచకప్ స్టేడియం కట్టే కూలీల కోసం ఇసుక మధ్య లేచిన క్యాంప్ అది. సగానికి పైగా మన తెలుగువాళ్ళే. కంపెనీ క్యాంటీన్ పప్పులో పప్పును వెతుక్కోవాలి. వచ్చిన ఏడాదే ముత్యం ఆ లోటు కనిపెట్టి, క్యాంప్ బాస్‌ను బతిమాలి, వెనక రేకుల షెడ్డులో పొయ్యి పెట్టాడు. డ్యూటీ దిగి చింతపండు పిసికితే చాలు, నలభై మంది పళ్ళేలతో వాలేవారు. జగిత్యాల దగ్గరి ఊళ్ళో 'ఒరేయ్ ముత్యం' అనిపించుకున్నవాడు ఇక్కడ 'సేఠ్' అయ్యాడు. ఆ పిలుపంటే అతనికి ప్రాణం.

అంతలో కూలీల కమిటీకి ఎన్నికలన్నారు. సేఠ్ నిలబడ్డాడు.

"గెలిస్తే ఏం జేస్తవ్ సేఠ్?" అన్నాడు రూమ్మేట్ నగేష్, తింటూ.

ముత్యం ఊపులో ఉన్నాడు. గిన్నెలో అన్నం ముట్టి, "క్యాంటీన్‌ల మన తిండి వెట్టిస్త. ఇగో, అన్నం మీద ఒట్టు!" అనేశాడు.

ఓట్లు కుప్పలుగా పడ్డాయి. "దుబాయ్‌ల సర్పంచ్ అయినవట గదా!" అని ఇంటి నుంచి భార్య భూమవ్వ ఫోన్లో మురిసిపోయింది. ఊళ్ళోవాళ్ళకు గల్ఫ్‌లో ఏ దేశమైనా దుబాయే. ఫోన్ పెట్టాక గానీ అసలు సంగతి ముత్యం బుర్రకెక్కలేదు. క్యాంటీన్లోనే మన తిండి దొరికితే ఇక షెడ్డుకెవడొస్తాడు?

కమిటీ మొదటి మీటింగ్‌లో కంపెనీ ఆఫీసర్, ముందు కావలసింది ఒక్కటే చెప్పమన్నాడు. వైఫై అంటే సరిపోయేది, అందరూ చప్పట్లు కొట్టేవారు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ అన్నం ముట్టిన చెయ్యి ఎదురుగా బల్ల మీదే ఉంది. వచ్చీరాని హిందీలో, తెలుగు వంటవాడు కావాలన్నాడు.

నెల తిరక్కుండానే వంటవాడు దిగాడు. షెడ్డులో నలభై మంది పదిమంది అయ్యారు. చివరికి నగేష్ ఒక్కడే మిగిలాడు, మొహమాటానికి.

"నా మొకం జూసి తినకురా. నడువ్, నేనూ వస్త" అని ముత్యం పొయ్యి ఆర్పేశాడు.

క్యాంటీన్ వరసలో చివర నిలబడి పళ్ళెం పట్టాడు. పచ్చిపులుసు కలిపి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. బాగుంది. అదే అతని బాధ. అందరూ తినడం ఆపి అతన్నే చూస్తున్నారు.

"ఎట్లున్నది సేఠ్?" అన్నాడు నగేష్ మెల్లగా.

"ఉప్పు జర తక్కువైంది."

అనేసి, చేతిలో రెండో ముద్ద చూసుకున్నాడు. అన్నం పట్టుకొని అబద్ధమాడితే ఎట్లా?

"ఉత్తగన్న తియ్. మంచిగున్నది" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "నాకంటే మంచిగ వండిండు."