కాళ్లకిచ్చిన నీళ్లు

సూర్యాపేట శివారులో జానమ్మ ఇంటి వెనుక ఒక బావి ఉంది. బావికి ఎగువన మహేశ్వర్ నూలుకు రంగులు వేసే షెడ్డు ఉంది, దాని మురుగు బావి పక్కగానే పారుతుంది. జరిగిన అన్యాయం అర్థం కావడానికి ఈ రెండు వాక్యాలు చాలు. జిల్లా కార్యాలయానికి మాత్రం పదకొండు నెలలు చాలలేదు.

ఎండాకాలంలో గులాబీ రంగుకు తిరిగిన బావినీళ్లు వానలు పడేసరికి దానిమ్మ రంగు కట్టాయి. తాగే నీళ్లను జానమ్మ చర్చి దగ్గరి బోరింగు నుంచి బిందెతో మోసుకొస్తోంది. రెండు బర్రెలను బిందెనీళ్లతో కడగడం ఎవరి తరం? పాల క్యాన్లు దేనితో తోమాలి? ఆ బర్రెలు తప్ప ఆమెకు బతుకు లేదు. ఆ బావి తప్ప బర్రెలకు దిక్కు లేదు.

"గంత పరేషానెందుకక్కా, నీ చీరెలకు రంగు ముఫత్‌గ పడుతుంటే!" అని నవ్వాడు మహేశ్వర్.

"నీ తెల్ల చొక్కా పంపు. నేనే ఉతికిస్త," అంది జానమ్మ. ఆ తరువాత అతడు తెల్ల చొక్కాతో ఆ దారిన రాలేదు.

ఆమె అర్జీలు పెట్టింది. సంతకం లేదన్నారు, చేస్తే తేదీ లేదన్నారు, వేస్తే సారు సెలవులో ఉన్నాడన్నారు.

కోదాడలో డిగ్రీ చదువుతున్న కూతురు స్వప్న సెలవులకు వచ్చి ఈ తంతంతా చూసింది. "అమ్మా, మనకు ఊక దొరుకుతదా?" అని అడిగింది.

పెళ్లికి ముందు ఆరేళ్లు మిర్యాలగూడ రైసుమిల్లులో ఊక ఊడ్చిన మనిషి జానమ్మ. "ఊక దొరుకుడేంది బిడ్డా! ఎత్తుకపొమ్మని వాళ్లే బతిమాలుతరు."

ఆరు బస్తాలు వచ్చాయి. కాలేజీ ల్యాబులో చేసిన పద్ధతినే స్వప్న ఇంటి దగ్గర చేసింది. ఊకను బూడిద కానీయకుండా నల్లగా మాడ్చి కడిగింది. అడుగున చిల్లు పెట్టిన డ్రమ్ములో కంకర, ఇసుక పరిచి, వాటి మీద ఆ ఊక బొగ్గు నింపింది. పైన దానిమ్మ రంగు నీళ్లు పోస్తే కింద తేట నీళ్లు చుక్కచుక్కగా దిగాయి.

"రంగు పోయింది గని విషం పోయిందో లేదో తెల్వదు. తాగనీకి గాదు, కడగనీకే," అని హెచ్చరించింది స్వప్న.

పన్నెండో నెలలో, మిట్టమధ్యాహ్నం, తనిఖీ అధికారి కాశీరాం జీపు దిగాడు. ఇంటికి వచ్చినవారికి ముందు కాళ్లకు నీళ్లివ్వాలి. జానమ్మకు చిన్ననాటి నుంచి అలవాటైన మర్యాద అది. డ్రమ్ము కింద నిండిన బకెట్టు, చెంబు అరుగు దగ్గర పెట్టి, "కడుక్కోన్రి సారూ. చాయ్ పెట్టుకొచ్చి బావి సూపిస్త," అని లోపలికి వెళ్లింది.

ఆమె చాయ్‌తో వచ్చేసరికి కాశీరాం కాళ్లు కడుక్కున్నాడు, మొహం కడుక్కున్నాడు, అదే బకెట్టు నుంచి సీసా నింపి సీలు కూడా వేశాడు.

"నమూనా తీసుకున్ననమ్మా. కోదాడల ఇంకో తనిఖీ ఉన్నది, పోవాలె."

"బావి సూడనే లేదు గద సారూ!"

"ఇవి బావినీళ్లే గద?"

"బావివే గని..."

"ఇగేంది మరి?" జీపు కదిలింది. చాయ్ ఆమె చేతిలోనే చల్లారింది.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. పరీక్షించిన నీటిలో రంగు లేదు, ఫిర్యాదు నిరాధారం, మూసివేయడమైనది.

"సర్కారే నీ బావిని పాస్ చేసింది," అన్నాడు మహేశ్వర్. "అయినా నీకాడ డ్రమ్ముండంగ నాతోటి లొల్లెందుకక్కా? కడుక్కుంటుండు."

ఒకరి మురికిని ఇంకొకరు కడుక్కుంటుండాలా? జానమ్మ మరునాడే ఉత్తరం, ఒక సీసా పట్టుకొని జిల్లా కార్యాలయానికి బస్సెక్కింది.

"కేసు ఖతమయింది పెద్దమ్మా. కొత్త అర్జీ పెట్టు," అన్నాడు కాశీరాం తలెత్తకుండానే.

"పెట్ట. ఈ కాగితం మీద సంతకం మీదే గద?"

"నాదే."

ఆమె దానిమ్మ రంగు సీసాను కాగితం మీద పెట్టింది. "బావిల నీళ్లు గిట్లుంటయి. ఊకల పోసినంక రంగే ఉండదని మీరే సంతకం పెట్టిన్రు. మీరు కాళ్లు కడుక్కున్నయి, సీసల పట్టినయి మా ఊక డ్రమ్ములకెళ్లి దిగిన నీళ్లే. ఊక పనిచేస్తదని సర్కారే ఒప్పుకున్నంక గా డ్రమ్ము నా ఇంట్ల ఎందుకుండాలె? రంగు కలిపినోని గేటుకాడ ఉండాలె. గది రాయున్రి."

"గట్ల రాసే రూలు..."

"లేకుంటే కాళ్ల నీళ్లను నమూనా పట్టిన్రని రాయున్రి. ఏదో ఒకటి రాసేదాంక నేను లేవ."

కాశీరాం సీసాను చూశాడు, తన సంతకాన్ని చూశాడు. ఆమె రాయమన్న రెండింటిలో తనకు తక్కువ తలవంపులు తెచ్చేది ఏదో తేల్చుకొని కలం తీశాడు.

"వాడిన ఊకను కాల్వల పారబోయొద్దని గూడ రాయున్రి," అంది జానమ్మ.

షెడ్డు మురుగు బయటికి వచ్చేచోట మహేశ్వర్ తిట్టుకుంటూనే ఊక బొగ్గు నింపే తొట్టి కట్టించాడు. "గింత ఊక యాడికెళ్లి తేవాలక్కా?" అని అడిగాడు.

"మిర్యాలగూడ బస్సెక్కు. సీటు గూడ నేనే ఆపాల్నా?"

ఉగాదినాటికి బావినీళ్లు దానిమ్మ నుంచి గులాబీకి వచ్చాయి. తేట పడలేదు. తొట్టిని చూడడానికి కాశీరాం మళ్లీ వచ్చినప్పుడు జానమ్మ మర్యాద తప్పలేదు. అతడి కళ్లముందే బావిలోంచి చేది, బకెట్టు తెచ్చి అరుగు దగ్గర పెట్టింది.

అతడు ప్యాంటు అంచు ఎత్తినవాడు ఎత్తినట్లే ఆగిపోయాడు.

"కడుక్కోన్రి సారూ."

"వద్దులే అమ్మా."

"అయితే గదే రాసుకోన్రి," అంది జానమ్మ. చాయ్ పెట్టడానికి లోపలికి మాత్రం వెళ్లలేదు.