మేకల అరబ్బీ

మెట్‌పల్లిలో మస్కట్‌ పోవాలనుకునే ఆడవాళ్లంతా బాలలక్ష్మి వాకిట్లో చేరతారు. ఒళ్లో చాట, చాటలో తునికాకు, తంబాకు. చేతులు బీడీలు చుడుతుంటే నోళ్లు ఆమె వెంట అరబ్బీ మాటలు పలుకుతుంటాయి. ఎదురింటి శంకరవ్వ కూడా తన చాట పట్టుకొని అక్కడికే వస్తుంది. రాకుండా ఉండలేదు, వచ్చి బాలలక్ష్మి గొప్పను ఓర్చుకోలేదు.

ఇద్దరూ ఒమాన్‌లో ఇంటిపని చేసి వచ్చినవాళ్లే. బాలలక్ష్మి మస్కట్‌లో పెద్ద మేడలో చేసింది. శంకరవ్వ ఎడారి లోపల, మేకలు కాసుకునే బద్దూల ఇంట్లో, చూపులేని ముసలమ్మకు కాళ్లూ చేతులై బతికింది. ఆ ముసలమ్మ పొద్దస్తమానం కథలు చెప్పేది. అట్లా వచ్చింది శంకరవ్వకు భాష.

ఒకరోజు, కొత్తగా వీసా వచ్చిన సృజనకు శంకరవ్వ ఏదో మాట నేర్పబోయింది.

"గది మేకల అరబ్బీ అక్కా!" అంది బాలలక్ష్మి. "గట్ల మాట్లాడితే మస్కట్ల గేటు కాడ్నే నిలవెడ్తరు. సృజనా, నువ్వు నా మాట పట్టుకో పిల్లా."

వాకిలంతా నవ్వింది. శంకరవ్వ చేతిలో ఆకు చిరిగింది.

"మీ బద్దూలు ఒక్కసారన్న ఫోన్ చేసిండ్రా నీకు?" అంది బాలలక్ష్మి మళ్లీ.

"ముసలమ్మ సచ్చిపాయె. ఇంకెవరు చేస్తరు?"

అంతలో బాలలక్ష్మి ఫోన్ మోగింది. "మా మేడం!" అంటూ అందరికీ వినబడేట్టు పెట్టింది. ఇంటిపనికి అక్కరకొచ్చే నాలుగు అరబ్బీ మాటలు అతికించి గట్టిగా మాట్లాడింది. అటువైపు ఒకటే నవ్వులు.

"సూస్తిరా, నేనంటే వాళ్లకెంత పానమో!"

శంకరవ్వకు మాత్రం ప్రతి మాటా తెలిసింది. మేడం ఇంట్లోవాళ్లను పిలుస్తోంది: 'రండి, పనిమనిషి అరబ్బీ వినండి. మళ్లీ మాట్లాడిస్తాను, నవ్వి నవ్వి చస్తారు.'

ఫోన్ పెట్టేశాక సృజన శంకరవ్వ వైపు తిరిగింది. "పెద్దమ్మా, గంతగనం ఏమన్నరు? నీకు సమజైందా?"

ఒక్క మాట చాలు. బాలలక్ష్మి వాకిలి ఖాళీ అవుతుంది, చాటలన్నీ ఎదురింటికి నడుస్తాయి. మాట నాలుక చివరిదాకా వచ్చింది. బాలలక్ష్మి ముఖం పెళ్లికూతురి ముఖంలా వెలుగుతోంది.

"గామెను యాది జేస్కుంటున్నరు బిడ్డా," అంది శంకరవ్వ.

చాట ఎత్తుకొని ఇంటికి వచ్చేసింది. నవ్వడానికైనా సరే, మస్కట్‌లో ఆ మేడలో ఎవరో బాలలక్ష్మి నంబరు దాచుకున్నారు. ఆ సంగతే ఆ పూట శంకరవ్వకు అన్నం దిగనివ్వలేదు.