చెంచా అడ్డం పెట్టిన గ్లాసు

తొమ్మిదో కుర్చీని మోకాలితో నెట్టి వలయంలో కలిపాక, సర్దార్ బీ నడుము పట్టుకుని నిలబడింది.

దుబాయ్ జెబెల్ అలీలోని ఆ గోదాము కంపెనీలో మీటింగు గదికి కుర్చీలు వేయడం, చాయ్ ఇవ్వడం పదకొండేళ్ళుగా ఆమె పని. మణికట్టు మీద పాత వేడినీళ్ళ మచ్చ, ముక్కుకు తెల్లరాయి, యూనిఫారం జేబులో తడి ఆరని గుడ్డ. ఆమె బదులు తెప్పించిన చాయ్ యంత్రం వంటగదిలో అట్టపెట్టెలో ఎదురుచూస్తోంది. రేపటితో ఆమె వీసా ఖలాస్. రాయచోటికి ప్రయాణం.

అమీర్ జాన్‌దీ రాయచోటే. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. రెండు వారాల కింద కార్మికుల క్యాంపులో పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. శవం ముందే ఊరు చేరింది. నిన్న ఫోనులో అతని తల్లి సుగ్రా బేగం ఏడవలేదు. కొడుకు అక్కడ ఎట్లా ఉండేవాడో నలుగురి మాటా మోసుకొని రమ్మంది. సర్దార్ బీ పొద్దుటి నుంచి అడుగుతూనే ఉంది. అతని గదివాళ్ళు తల దించుకుని తప్పుకున్నారు. ఆమెకు తెలిసిందల్లా, అతను చాయ్‌లో చక్కెర వద్దనేవాడని.

ఆ గదివాళ్ళ చేత అతని గురించి మాట్లాడించాలనే ఆఫీసు ఈ మీటింగు పెట్టింది. ఎనిమిది మంది వచ్చి కూర్చున్నారు. విజయవాడ నుంచి వచ్చిన ఉద్యోగి మురళీ కాగితం చూసి మొదటి ప్రశ్న అడిగాడు, తర్వాత రెండోది. ఏసీ చప్పుడు తప్ప జవాబు లేదు.

తలుపు బయట నిలబడి సర్దార్ బీ విన్నది. ఆలోచిస్తున్నప్పటి మౌనం ఆమెకు తెలుసు. దాన్ని ఎన్నడూ కదిలించేది కాదు. ఇది గొంతులో అడ్డుపడ్డ మౌనం. చాయ్ పదిన్నరకని గోడ మీద రాసి ఉంది. వేళ తప్పినందుకు ఇదివరకు రెండుసార్లు తిట్లు తిన్నది. పదీ పదికే పళ్ళెం ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

అందరూ తీసుకున్నాక ఒక గ్లాసు మిగిలింది. దాని మీద చెంచా అడ్డంగా ఉంది. చక్కెర లేని చాయ్‌కి ఆమె పెట్టుకున్న గుర్తు అది. చెయ్యి అలవాటు కొద్దీ పెట్టేసింది.

"అది వానిది," అన్నాడు గదివాళ్ళలో ఒకడైన ఖాదర్ హుస్సేన్. "మా ముందర చక్కెర లేకుండా తాగేటోడు. సందు తిరిగినాక జిలేబీ తింటాండె, దొంగనాయాలు," అన్నాడు.

ఎవరో ముక్కుతో నవ్వారు. గోదాములో పిల్లి అడ్డమొస్తే బండి ఆపి దిగి, దానికి సలాం చేసి మరీ తరిమేవాడని ఇంకొకరన్నారు. మురళీ కాగితాన్ని మడిచి కుర్చీ కింద పెట్టాడు. సర్దార్ బీ గోడకానుకుని, విన్న ప్రతి మాటనూ పెదవుల మీదే మళ్ళీ చెప్పుకుంది.

అప్పటిదాకా గ్లాసులోకే చూస్తున్న షాహబాజ్ నోరు తెరిచాడు. క్యాంపు గదిలో అమీర్ జాన్ పడుకునే మంచానికి కింది మంచం అతనిది.

"రోజూ గురకకు చెప్పు విసిరేటోణ్ణి. ఆ పొద్దు గురక రాలే. పోన్లే, ఇయ్యాల నిద్ర పడతాదని నేను తిరిగి పండుకుంటి."

ఖాదర్ హుస్సేన్ తన కుర్చీని అతని కుర్చీకి ఆనేదాకా జరిపాడు. ఆ మాటను మాత్రం సర్దార్ బీ పెదవుల మీదకు తెచ్చుకోలేదు.

మురళీ లేచి తన కుర్చీ చూపించాడు. "కూర్చోండమ్మా. మీరూ చెప్పండి."

పదకొండేళ్ళలో ఆ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదలు. "నాకేం తెల్దు సార్. నాలుగేండ్లు చక్కెర లేకుండా ఇస్తి, అంతే."

"ఒక్కసారన్నా మర్చిపోలేదు గదా ఖాలా," అన్నాడు షాహబాజ్. "అది చెప్పు ఆయమ్మకు."

మధ్యాహ్నం కుర్చీలను మళ్ళీ వరసల్లో వేసింది. తొమ్మిది గ్లాసులు కడిగి బోర్లించింది. యంత్రం బిగించడానికి వచ్చినవాళ్ళకు చోటిచ్చి, తాళాలు ఆఫీసులో అప్పజెప్పి, క్యాంపు బస్సెక్కింది. తర్వాతి రోజు ఉదయం విమానం ఆమెను తీసుకెళ్ళే వేళకు, వంటగదిలో యంత్రం ఎర్రదీపం వెలుగుతోంది. దాని పక్కన కిటికీ గట్టు మీద పదో గ్లాసు, చెంచా అడ్డంగా, మీగడ కట్టిన చాయ్‌తో నిండుగా అలాగే ఉంది.