గంటా పది నిమిషాల దూరం

రెండు ఊళ్ల విమానాశ్రయాల మధ్య ఆరువందల పది కిలోమీటర్లు, గంటా పది నిమిషాల ప్రయాణం. ఆసుపత్రి స్కాన్ గదిలో పనిచేసే టెక్నీషియన్‌ను నిద్రలో లేపి అడిగినా ఈ లెక్క తడుముకోకుండా చెబుతాడు. స్కానుకు ముందు రోగికి ఎక్కించే మందు అవతలి ఊళ్లో తెల్లవారుజామున తయారై, సీసం పెట్టెలో విమానమెక్కి వస్తుంది. అదో విచిత్రమైన మందు. వాడినా వాడకపోయినా రెండు గంటలు తిరక్కుండానే సగమైపోతుంది. ఐసులో పెట్టినా, తాళం వేసినా, దండం పెట్టినా ఆగదు.

ఆ రోజు ఐదుగురికి సరిపడా తెప్పిస్తున్నాడు. ఐదో మనిషి అతని సొంత అక్క. కడుపులో గడ్డ పక్కకు పాకిందో లేదో తేలితేనే రేపు ఆపరేషన్. తేలకపోతే, ఆపరేషన్ చేసే పెద్ద డాక్టరు ఎల్లుండి నుంచి మూడు వారాలు సెలవు. గడ్డ మాత్రం సెలవు తీసుకోదు.

"మీ అక్కను ముందు పెట్టవయ్యా" అని స్కాన్లు చూసే డాక్టరమ్మ చెవినిల్లు కట్టుకుని చెప్పింది. వింటేనా! మనవాడికి నీతి ఒక పాలు ఎక్కువ.

"నా వాళ్లను ముందు కూర్చోబెడితే నలుగురూ ఏమనుకుంటారండీ?" అని అక్క పేరు జాబితా చివర రాశాడు. ఆ నలుగురూ ఏమీ అనుకునేవాళ్లు కాదు, ఎవరి బాధ వాళ్లది.

పొద్దున ఫోన్ వచ్చింది. అక్కడ పొగమంచు, విమానం ఇంకా నేల మీదే ఉందట. పది నిమిషాలు, ఇరవై, ముప్పై. కాగితం మీద లెక్క వేశాడు, కొట్టేశాడు, మళ్లీ వేశాడు. ఆరువందల కిలోమీటర్ల అవతల పట్టిన మంచును ఇక్కడ కూర్చుని ఏం చేయగలడు? కాళ్లూ చేతులూ కట్టిపడేసినట్టయింది.

పెట్టె నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మీటరు పెట్టి చూశాడు. నలుగురికి బొటాబొటీగా సరిపోతుంది. ఐదోవారికి లేదు.

ముగ్గురికి ఎక్కించాడు. నాలుగో ఆయన దర్జీ. వైద్యం అయిపోయింది, జబ్బు తగ్గిందో లేదో చూసుకోవడానికి వచ్చాడు. వారం ఆగినా కొంపేం మునగదు. ఆయన్ను బతిమాలుకుందామని, సిగ్గు చంపుకుని వరండాలోకి వచ్చాడు.

నోరు తెరిచేలోపే, అక్క పక్కన కూర్చున్న దర్జీ లేచి అతని రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఈవిడ మీ అక్కగారంట కదా బాబూ! ఇప్పుడే మాటల్లో తెలిసింది. సొంత మనిషిని చివర కూర్చోబెట్టి మమ్మల్ని ముందు పిలుస్తున్నారా? ఇదివరకు రెండు ఆసుపత్రులు తిరిగాను. ప్రతిచోటా ఎవరో ఒకరి చుట్టం నాకంటే ముందు దూరిపోయేవాడు."

"మావాడు చిన్నప్పట్నుంచీ అంతేనండీ" అంది అక్క పొంగిపోతూ. "ఎవరి వంతు వాళ్లకివ్వాల్సిందే."

అతను అక్క ముఖం చూడలేకపోయాడు.

"రండి" అన్నాడు దర్జీతో.